డీజిల్ కార్డుకు హద్దు గీసే కోడ్!

టమోటా లోడు ఎత్తుకున్న లారీ తెల్లారేలోగా రాష్ట్రం దాటాలి. డ్రైవరు చేతిలో కంపెనీ కార్డు ఉంది. అది డీజిల్‌కు పనిచేయాలి, మిగతా వాటికి పనిచేయకూడదు. రోజుకు ఇంతేనని హద్దు ఉండాలి. అలాగని నిజంగా అవసరం పడినప్పుడు ఆ హద్దే లారీని నడిరోడ్డు మీద నిలబెట్టకూడదు. ఈ తూకాన్ని కాపాడేది కొన్ని వరుసల ప్రోగ్రాం. దాన్ని రాసేవాళ్లు, పరీక్షించేవాళ్లు, లెక్క సరిచూసేవాళ్లు ఫిన్‌టెక్ కంపెనీలకు కావాలి. ఇంజినీరింగ్, బీసీఏ, బీకాం... ఏ చదువు నుంచి ఈ పనిలోకి ఎలా వెళ్లొచ్చో చూద్దాం.

యార్డు నుంచే మొదలుపెడదాం

కలకడ, గుర్రంకొండ, కలికిరి, మదనపల్లె... టమోటా సీజన్‌లో ఈ పక్క ఏ యార్డుకు వెళ్లినా లారీల వరుస కనిపిస్తుంది. వేలం ముగుస్తుంది, బాక్సులు ఎక్కుతాయి, తాళ్లు బిగుస్తాయి. ఇక ఆలస్యానికి చోటు లేదు. సరుకు పచ్చిది. దారిలో పోయే ప్రతి గంటా అవతలి మార్కెట్లో ధరను కోస్తుంది.

లారీ కదిలే ముందు జరిగే ఇంకో పని మాత్రం పెద్దగా ఎవరి కంటా పడదు. యజమాని డ్రైవరుకు దారి ఖర్చు ఇస్తాడు. డీజిల్‌కు ఇంత, బత్తాకు ఇంత, పంక్చరో టైరో అయితే చూసుకోవడానికి ఇంకొంత. తిరిగొచ్చాక ట్రిప్పు షీటు ముందేసుకుని గుమాస్తా లెక్క అడుగుతాడు. ఓ రసీదు తడిసిపోయి ఉంటుంది, ఇంకోటి దొరకదు. ‘నాలుగు వందలు ఏమైనాయప్పా?’ అన్న ఒక్క మాటతో ఏళ్ల తరబడి నమ్మకంగా బండి నడిపిన మనిషి కూడా దొంగలా నిలబడాల్సి వస్తుంది. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు.

కంపెనీ కార్డు వచ్చింది ఇందుకే. ఖర్చు ఎక్కడ, ఎప్పుడు, ఎంత అయిందో దానంతట అదే నమోదవుతుంది. చమురు కంపెనీలు ఈ పని చాలా ముందే మొదలుపెట్టాయి. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌ట్రాపవర్, హెచ్‌పీసీఎల్ డ్రైవ్‌ట్రాక్ ప్లస్, బీపీసీఎల్ స్మార్ట్‌ఫ్లీట్ కార్డులు లారీ యజమానులకు కొత్తేమీ కాదు. టోల్ సంగతి 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో వేరే ఖాతాలోకి వెళ్లిపోయింది. ఇక మిగిలినవి చమురు కంపెనీ కార్డు చెల్లని ఖర్చులు: టైర్లు, స్పేర్ పార్టులు, మరమ్మతులు, బస. వీటికి రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్‌లో నడిచే మామూలు బిజినెస్ కార్డు కావాలి. అది ఏ దుకాణంలోనైనా చెల్లుతుంది కాబట్టే దానికి హద్దులు కావాలి.

రెండు మూడు బండ్లుంటే బ్యాంకు యాప్ తెరిచి చేత్తోనే హద్దులు మార్చుకోవచ్చు. 50 బండ్లు, 70 మంది డ్రైవర్లు, రోజూ మారే రూట్లు ఉంటే అది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అక్కడ ఏపీఐ అవసరం పడుతుంది. ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పని పురమాయించే పద్ధతి. ట్రిప్పు షీటు తయారైన క్షణంలోనే, ‘ఈ బండి కార్డుకు మూడు రోజుల పాటు, డీజిల్‌కు మాత్రమే, రోజుకు ఇంత’ అన్న ఆదేశం కార్డు జారీచేసిన సంస్థ సర్వర్‌కు వెళ్లిపోతుంది. ట్రిప్పు ముగియగానే కార్డు మళ్లీ మూతపడుతుంది. మధ్యలో ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు.

స్వైప్ చేసిన రెండు సెకన్లలో...

బంకులో మిషన్ మీద కార్డు పెట్టగానే ఏం జరుగుతుందో తెలిస్తే ఈ రంగం సగం అర్థమైనట్లే.

మిషన్ నుంచి వివరాలు ముందు ఆ బంకుకు ఖాతా ఉన్న బ్యాంకుకు వెళతాయి. అక్కడి నుంచి కార్డు నెట్‌వర్క్‌కు, నెట్‌వర్క్ నుంచి కార్డు జారీచేసిన బ్యాంకుకు చేరతాయి. ఈ సందేశాలకు ప్రపంచమంతా వాడే ప్రమాణం ఐఎస్‌ఓ 8583. అనుమతి అడిగే సందేశానికి 0100, జవాబుకు 0110 అని సంఖ్యలుంటాయి. జవాబులో రెండంకెల కోడ్ వస్తుంది. 00 అంటే సరే. 51 అంటే ఖాతాలో డబ్బు చాలదు. 61 అంటే పరిమితి దాటింది. 57 అంటే ఈ కార్డుకు ఈ తరహా లావాదేవీ అనుమతి లేదు. 05 అంటే కారణం చెప్పకుండానే కాదనడం.

హద్దుల తనిఖీ జరిగేది ఈ ప్రశ్నకూ జవాబుకూ మధ్యే. ముందే రాసిపెట్టిన నియమాలతో పోల్చి జారీదారు సర్వరే నిర్ణయం తీసుకోవడం ఒక పద్ధతి. జారీదారు సర్వర్ అప్పటికప్పుడు కంపెనీ సర్వర్‌ను అడగడం ఇంకో పద్ధతి. ఇలా తనంతట తానే వచ్చి తట్టే సందేశాన్ని వెబ్‌హుక్ అంటారు. అమెరికా సంస్థ స్ట్రైప్ తన ఇష్యూయింగ్ సేవలో కంపెనీ సర్వర్‌కు ఇచ్చే గడువు రెండు సెకన్లు. ఆలోపు జవాబు రాకపోతే ముందే ఎంచుకున్న నిర్ణయం అమలైపోతుంది. 2010లో మొదలైన మార్కెటా అనే మరో అమెరికా సంస్థ ఇంకాస్త ముందుకెళ్లింది. కార్డులో ముందుగా డబ్బు ఉంచదు, స్వైప్ అడిగిన క్షణంలోనే ఆ మేరకు డబ్బు సర్దుతుంది. దానికి పెట్టిన పేరు ‘జస్ట్ ఇన్ టైమ్ ఫండింగ్’.

హద్దులు ఎన్ని రకాలు?

• మొత్తం మీద: ఒక్కో స్వైప్‌కు, రోజుకు, వారానికి, నెలకు ఇంత అని.

• దుకాణం తరహా మీద: కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడ్ ఉంటుంది. దీన్ని మర్చంట్ కేటగిరీ కోడ్, పొట్టిగా ఎంసీసీ అంటారు. పెట్రోలు బంకుకు 5541, మనిషి లేకుండా నడిచే పంపుకు 5542, ఆటో మరమ్మతు షెడ్డుకు 7538, స్పేర్ పార్టుల అంగడికి 5533, హోటల్ బసకు 7011, రెస్టారెంట్‌కు 5812, మద్యం దుకాణానికి 5921, నగల దుకాణానికి 5944, ఏటీఎం నగదుకు 6011.

• స్థలం మీద: దేశంలోనా, బయటా? దుకాణంలోనా, ఆన్‌లైన్‌లోనా?

• సమయం మీద: ట్రిప్పు తేదీల్లో మాత్రమే, లేదా ఫలానా గంటల్లో మాత్రమే.

• సంఖ్య మీద: రోజుకు ఎన్ని స్వైప్‌లు? కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయే హద్దు ఇదే. ఒక్కో స్వైప్‌కు ₹8,000 హద్దు పెట్టి ఊరుకుంటే ₹9,200 బిల్లును ₹8,000, ₹1,200గా విడగొట్టి రెండుసార్లు గీస్తారు. అది మోసమే కానక్కర్లేదు. ట్యాంకు నిండాలి కాబట్టి బంకు కుర్రాడే ఆ సలహా ఇస్తాడు. కానీ మీరు గీసిన హద్దుకు అర్థం లేకుండా పోయింది. రోజు హద్దు, సంఖ్య హద్దు తోడైతేనే స్వైప్ హద్దుకు బలం.

ఈ హద్దులన్నీ ఒకే చోట ఉండవు. కంపెనీ మొత్తానికి ఒకటి, బండికి ఒకటి, కార్డుకు ఒకటి, ట్రిప్పుకు ఒకటి ఉంటాయి. ఒకే స్వైప్‌కు నాలుగూ వర్తిస్తే అన్నింటినీ దాటాల్సిందే. అంటే అన్నింటిలోకీ బిగుతైనదే గెలుస్తుంది. ఏ నియమం వల్ల కార్డు ఆగిందో రికార్డులో రాసిపెట్టకపోతే, తర్వాత ఫోన్ చేసి అడిగే డ్రైవరుకు చెప్పడానికి మీ దగ్గర జవాబుండదు.

నియమం ఎలా రాస్తారు?

ఏపీఐ పిలుపు చూడ్డానికి ఫారం నింపినట్లే ఉంటుంది. ఏ కార్డు, ఏ కోడ్‌లకు అనుమతి, ఎంత మొత్తం, ఎంత కాలానికి అన్న వివరాలను జేసన్ అనే పద్ధతిలో రాసి పంపుతారు. కొత్త కార్డుకైతే పోస్ట్, ఉన్న కార్డు నియమం మార్చాలంటే సాధారణంగా ప్యాచ్ పిలుపు వాడతారు. కొన్ని సంస్థలు రెంటికీ పోస్టే వాడతాయి. కంపెనీని గుర్తించడానికి రహస్య కీ జతచేస్తారు. ఆ కీని కోడ్‌లోనే రాసి గిట్‌హబ్‌లో పెట్టేస్తే ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసినట్లే. దాన్ని సర్వర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనో, సీక్రెట్ మేనేజర్‌లోనో ఉంచాలి.

డబ్బును రూపాయల్లో కాక పైసల్లో పంపడం ఇక్కడి ఆనవాయితీ. ₹500 అంటే 50000. ఇది మరిచిపోయి 500 అని రాస్తే కార్డు ఐదు రూపాయలకే ఆగిపోతుంది. తిరగేసి పొరబడితే హద్దు వందరెట్లు పెరుగుతుంది. దశాంశాలతో వచ్చే లెక్క తేడాలు తప్పించుకోవడానికే ఈ పద్ధతి. డేటాబేస్‌లో కూడా డబ్బును పూర్ణాంకంగానే దాచడం మంచి అలవాటు.

అసలు పరీక్ష ఇక్కడుంది

నియమం రాయడం ఓ పూటలో నేర్చుకోవచ్చు. అది నిజం రోడ్డు మీద ఎక్కడ తప్పుతుందో తెలియడమే ఉద్యోగం తెచ్చిపెట్టే నైపుణ్యం.

కోడ్ దుకాణాన్ని చెబుతుంది, సరుకును కాదు: 5541 అని వచ్చిందంటే బంకులో ఖర్చయిందనే అర్థం. అది డీజిలా, ఇంజిన్ ఆయిలా, పక్కనున్న చిన్న అంగడిలో కూల్‌డ్రింకా అన్నది ఆ కోడ్ చెప్పదు. ఊళ్లో మరమ్మతు షెడ్డు ఒక్కోసారి వేరే తరహా కోడ్‌తో నమోదై ఉంటుంది. అప్పుడు న్యాయమైన ఖర్చే ఆగిపోతుంది. అందుకే కోడ్‌ల జాబితాతో పాటు నమ్మకమైన దుకాణాల జాబితా కూడా ఉంచుకోవాలి.

అనుమతి వేరు, వసూలు వేరు: స్వైప్ సమయంలో జరిగేది అనుమతి మాత్రమే. డబ్బు చేతులు మారేది తర్వాత. హోటల్ ముందు కొంత సొమ్ము పక్కన పెట్టించి, గది ఖాళీ చేసేటప్పుడు అసలు బిల్లు పంపుతుంది. అమెరికాలో మనిషి లేని పంపుల వద్ద ఎంత పట్టబోతున్నారో తెలియకముందే అనుమతి అడుగుతారు. మన బంకుల్లో కుర్రాడే మొత్తం కొడతాడు కాబట్టి ఆ చిక్కు తక్కువ. ఏమైనా, అనుమతించిన మొత్తం కంటే వసూలైన మొత్తం ఎక్కువయ్యే సందర్భాలుంటాయి. హద్దు పెట్టాం కదా, పైసా దాటదు అని యజమానికి మాటివ్వకూడదు.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?: విదేశీ ప్లాట్‌ఫారాలు కొన్ని రోజును యూటీసీ ప్రకారం లెక్కేస్తాయి. వాళ్ల అర్ధరాత్రి మనకు ఉదయం 5.30. రాత్రి 2 గంటలకు పట్టించిన డీజిల్ నిన్నటి ఖాతాలో పడుతుంది. రాత్రిపూట నడిచే టమోటా లారీకి ఇది చిన్న తేడా కాదు. సాయంత్రం బయల్దేరేటప్పుడు ఓసారి, నడిరేయి ఓసారి ట్యాంకు నింపితే రెండూ ఒకే రోజు కింద చేరి రెండోసారి కార్డు ఆగిపోతుంది. హద్దును తేదీకి కాకుండా ట్రిప్పుకు ముడిపెడితే ఈ తలనొప్పి ఉండదు.

ఒకేసారి రెండు స్వైప్‌లు: రోజు హద్దులో ₹5,000 మిగిలి ఉంది. ఒకే క్షణంలో ₹4,000 చొప్పున రెండు అభ్యర్థనలు వచ్చాయి. రెండింటికీ ప్రోగ్రాం మిగులు చూసి సరే అంటే ₹8,000 వెళ్లిపోతుంది. చూడటం, తగ్గించడం ఒకే అడుగులో జరగాలి. డేటాబేస్ పాఠంలో ట్రాన్సాక్షన్, రో లాక్ అని చదువుకున్నది సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది.

ఒకే సందేశం రెండుసార్లు: నెట్‌వర్క్ తడబడితే అదే వెబ్‌హుక్ మళ్లీ వస్తుంది. దాని గుర్తింపు సంఖ్యను దాచుకుని, ముందే చూసినదైతే పాత జవాబే ఇవ్వాలి. లేదంటే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కలోకి ఎక్కుతుంది. ఇంకోమాట, వచ్చిన సందేశం నిజంగా జారీదారు నుంచే వచ్చిందా అని డిజిటల్ సంతకం సరిచూడాలి. ఇందుకు హెచ్‌మ్యాక్ పద్ధతి వాడతారు.

సర్వర్ పడిపోతే?: ఇది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అసలు మనుషుల ప్రశ్న. జవాబు రాకపోతే అన్నింటినీ ఆపేయమని పెట్టడం భద్రంగా అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఊరూ పేరూ తెలియని హైవేలో బంకు ముందు నిలబడేది డ్రైవరు. వెనక లోడు మగ్గుతుంటుంది. అతని భాష అక్కడెవరికీ రాదు. ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లుండరు. అలాంటప్పుడు బంకు కోడ్‌కు మాత్రం ఓ చిన్న మొత్తం వరకు సరే అనడం, మిగతావన్నీ ఆపడం మధ్యేమార్గం. ఆ మొత్తం ఎంతో నిర్ణయించాల్సింది యజమానే. కానీ ఆ ప్రశ్న ముందుగా అడగాల్సింది డెవలపర్.

ఆపితే ఎందుకో చెప్పాలి: మిషన్ మీద ఇంగ్లిష్‌లో ‘డిక్లైన్డ్’ అని వస్తే డ్రైవరుకు ఏమర్థమవుతుంది? అదే సమయంలో అతని ఫోన్‌కు తెలుగులో ఓ సందేశం వెళ్లాలి. ‘ఈ ట్రిప్పు డీజిల్ పరిమితిలో ₹1,200 మాత్రమే మిగిలింది. ఇంకా కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అన్నట్లుంటే చాలు. కార్డు ఆగడం నేరం కాదని ఆ మాటల తీరే చెప్పాలి. అత్యవసరంగా హద్దు పెంచితే, ఎవరు పెంచారో ఎందుకు పెంచారో రాసి, నాలుగైదు గంటల తర్వాత దానంతట అదే పాత హద్దుకు వచ్చేలా పెట్టాలి. ఇలాంటి రికార్డు డ్రైవరుకు రక్షణ కూడా. తిరిగొచ్చాక అతన్ని నిలదీయాల్సిన అవసరం ఉండదు.

యార్డు వేళలు, బండి బయల్దేరే తీరు, డ్రైవరు మాట్లాడే మాట... ఇవి పుస్తకాల్లో దొరకవు. కలకడ, పుంగనూరు, కుప్పం పక్క పుట్టి పెరిగిన పిల్లలకు ఇవి తెలిసిన సంగతులే. సాఫ్ట్‌వేర్ తయారీలో ఇది నిజమైన బలం. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మొహమాటపడొద్దు.

నిబంధనలు తెలియాల్సిందే

కార్డులతో పనిచేసేవాళ్లు రిజర్వు బ్యాంకు చెప్పింది వినాలి. 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్... ఒక్కోదాన్నీ ఆన్, ఆఫ్ చేసుకునే, హద్దు మార్చుకునే సదుపాయం కార్డుదారులకు బ్యాంకులు ఇవ్వాలి. ఇది అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ సొంత డెబిట్ కార్డు యాప్ తెరిచి చూడండి. మనం మాట్లాడుకుంటున్న హద్దుల చిన్న నమూనా అక్కడే ఉంటుంది.

ప్రీపెయిడ్ కార్డులకు 2021 ఆగస్టులో, క్రెడిట్, డెబిట్ కార్డులకు 2022 ఏప్రిల్‌లో సమగ్ర ఆదేశాలు వచ్చాయి. 2024 మార్చి సవరణల్లో బిజినెస్ క్రెడిట్ కార్డుల గురించి, సొమ్ము చివరికి దేనికి వాడుతున్నారో గమనించే ఏర్పాటు జారీ సంస్థలకు ఉండాలన్నారు. అంతకు నెల ముందు, కార్డులు తీసుకోని వ్యాపారులకు బిజినెస్ కార్డుల ద్వారా మధ్యవర్తులు డబ్బు పంపే ఓ పద్ధతిని రిజర్వు బ్యాంకు ఆపించింది. ఖర్చు ఎటు పోతోందో తెలియడం ఇప్పుడు యజమాని సౌకర్యానికే పరిమితమైన విషయం కాదు.

2022 అక్టోబరు నుంచి వ్యాపారులు వినియోగదారుల కార్డు నంబర్లు దాచుకోకూడదు. వాటి బదులు టోకెన్ వాడాలి. కార్డు డేటా భద్రతకు అంతర్జాతీయంగా పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. కార్డు పూర్తి నంబరు, సీవీవీ మీ ప్రోగ్రాంలోకి, లాగ్‌లోకి రానే రాకూడదు. డ్రైవరు ఎక్కడ తిన్నాడు, ఎక్కడ ఆగాడు అన్నది కూడా వ్యక్తిగత సమాచారమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి ఓ పేజీ అయినా చదివి ఉండాలి.

కార్డు చెల్లని చోట?

దాబాలో, పంక్చరు షాపులో, హమాలీ దగ్గర కార్డు మిషన్ ఉండదు. క్యూఆర్ కోడ్ ఉంటుంది. కాబట్టి కార్డు హద్దులతోనే అంతా అయిపోదు. యూపీఐలోనూ ఇదే ఆలోచన వచ్చింది. 2024 ఆగస్టులో ప్రకటించిన యూపీఐ సర్కిల్‌లో ఒకరు తన ఖాతా నుంచి ఖర్చు పెట్టే అధికారాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ప్రతిసారీ అడిగేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు ₹15,000 మించకుండా, ఒక్కో చెల్లింపు ₹5,000 దాటకుండా పూర్తి అనుమతి ఇవ్వొచ్చని ఎన్‌పీసీఐ అప్పుడు నిబంధనలు పెట్టింది. 2021 ఆగస్టులో వచ్చిన ఇ-రూపీ వోచరు కూడా ఓ నిర్దిష్ట పనికి మాత్రమే చెల్లుతుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించే వీలు 2022లో ప్రకటించారు. డబ్బుకు ముందే నియమం జోడించి పంపడమనే ఈ పద్ధతి కార్డు దాటి విస్తరిస్తోంది. నేర్చుకునే విద్య ఒకే చోట ఆగిపోదన్న భరోసా ఇదే.

ఎవరు చేస్తున్నారు?

హైదరాబాద్‌కు చెందిన జాగిల్ ప్రీపెయిడ్ ఓషన్ సర్వీసెస్ ఈ రంగంలో మనకు దగ్గరి ఉదాహరణ. 2011లో ఏర్పాటైన ఈ సంస్థ బ్యాంకులతో కలిసి కంపెనీలకు కార్డులు, ఖర్చుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ అందిస్తుంది. 2023 సెప్టెంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైంది. బెంగళూరులో 2012లో మొదలైన హ్యాపే కంపెనీ ఖర్చుల మీదే పనిచేసి పేరు తెచ్చుకుంది. 2021 డిసెంబరులో దాన్ని క్రెడ్ కొంది. చెన్నైలోని ఎం2పీ ఫిన్‌టెక్ బ్యాంకులకు, స్టార్టప్‌లకు కార్డు జారీ ఏపీఐలు ఇస్తుంది. మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. కుప్పానికైతే బెంగళూరు, చెన్నై రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. మన పక్క పిల్లలకు ఈ కొలువులు దూరమేమీ కాదు.

ఏ చదువుకు ఏ పని?

బీటెక్, బీసీఏ, ఎంసీఏ: బ్యాకెండ్ డెవలపర్, ఏపీఐ టెస్టర్, ఇంటిగ్రేషన్ ఇంజినీర్. పైతాన్, జావా, నోడ్‌లో ఏదో ఒకటి గట్టిగా వస్తే చాలు. ఎస్‌క్యూఎల్ తప్పనిసరి. కలికిరి జేఎన్‌టీయూఏ కాలేజీలోనో, అంగళ్లు మిట్స్‌లోనో చదివేవాళ్లు చివరి ఏడాది ప్రాజెక్టుగా దీన్నే ఎంచుకోవచ్చు. పది బృందాల్లో తొమ్మిది చేసే హాజరు పట్టిక యాప్ కంటే ఇది భిన్నంగా నిలుస్తుంది.

బీకాం, ఎంబీఏ: రికన్సిలియేషన్. అంటే కార్డు నెట్‌వర్క్ పంపిన వసూళ్ల జాబితా, బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ పద్దు... ఈ మూడింటినీ సరిపోల్చడం. డీజిల్ జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి దానిపై ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. టైర్లు, స్పేర్ పార్టుల బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు ఉంటే అర్హతను బట్టి రావచ్చు. ఈ తేడా తెలిసి, బిల్లు ఫొటో జతచేయని స్వైప్‌లను వేరుచేయగలిగినవాళ్లు ఏ ఫైనాన్స్ బృందానికైనా కావాలి.

గణితం, స్టాటిస్టిక్స్: రిస్క్ అనలిస్ట్. బండి ట్యాంకు పట్టే డీజిల్ కంటే బిల్లు ఎక్కువుందా, ఒకే సమయంలో రెండు ఊళ్లలో ఒకే కార్డు పడిందా వంటి తేడాలు పట్టుకోవడం.

ఏ డిగ్రీ అయినా: కస్టమర్ సపోర్టు, ఆన్‌బోర్డింగ్. తెలుగు, ఇంగ్లిష్, దానికి తోడు కన్నడమో తమిళమో వస్తే సరిహద్దు మండలాల వాళ్లకు అది అదనపు అర్హతే.

ఎనిమిది వారాల ప్రాజెక్టు

నిజం కార్డు లేకుండానే ఇదంతా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కట్టి చూడొచ్చు.

1-2 వారాలు: హెచ్‌టీటీపీ, జేసన్, పోస్ట్‌మ్యాన్ నేర్చుకోండి. స్ట్రైప్, మార్కెటా డాక్యుమెంటేషన్‌ను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. వెబ్‌హుక్, సంతకం తనిఖీ అర్థం కావడానికి రేజర్‌పే టెస్ట్ మోడ్ వాడుకోవచ్చు. అందులో అసలు డబ్బు కదలదు.

3-4 వారాలు: కార్డులు, నియమాలు, అనుమతులు, వసూళ్లు... నాలుగు పట్టికలతో డేటాబేస్ తయారుచేయండి. స్వైప్ వివరాలు ఇస్తే సరే, కాదు, కారణం చెప్పే ఏపీఐ రాయండి.

5-6 వారాలు: పైన చెప్పుకున్న చిక్కులన్నిటికీ టెస్టులు రాయండి. పైసల పొరపాటు, రెండు స్వైప్‌లు, రెండుసార్లు వచ్చిన సందేశం, అర్ధరాత్రి లెక్క, గడువు దాటిన జవాబు, రద్దయిన లావాదేవీ... ఇరవై టెస్టులైనా ఉండాలి.

7వ వారం: దగ్గర్లోని లారీ యజమానినో, యార్డులో మండీ గుమాస్తానో కలిసి ఓ పాత ట్రిప్పు షీటు చూపించమని అడగండి. పేర్లు, నంబర్లు తీసేసి ఆ ఖర్చులను మీ ప్రోగ్రాంలో నడపండి. ఏవేవి అన్యాయంగా ఆగిపోయాయో చూడండి. నియమాలు మార్చండి. ఓ డ్రైవరుకు మీ సందేశాలు చదివించి, అర్థమయ్యాయా అని అడగండి.

8వ వారం: గిట్‌హబ్‌లో పెట్టి రెండు పేజీల వివరణ రాయండి. ఏం పనిచేసిందో ఎలాగూ రాస్తారు. ఏం పనిచేయలేదో, ఎందుకో కూడా రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు చదివేది అదే.

ఇవి అడగొచ్చు!

• అనుమతికి, వసూలుకు తేడా ఏమిటి?
• ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వస్తే ఏం చేస్తారు?
• డబ్బును దశాంశాల్లో ఎందుకు దాచకూడదు?
• మీ సర్వర్ జవాబివ్వకపోతే కార్డును ఆపాలా, వదలాలా? ఎవరికి నష్టం?
• ఎంసీసీ మీద మాత్రమే ఆధారపడితే ఎక్కడ తప్పుతుంది?

నాలుగో ప్రశ్నకు ఒకే సరైన జవాబు లేదు. ఎవరి డబ్బు, ఎవరి సరుకు, ఎవరి రాత్రి... ఈ మూడూ తూచి మాట్లాడారా లేదా అన్నదే చూస్తారు. టమోటా బండి వెనక ఓ ట్రిప్పు తిరిగొచ్చిన మనిషితో అరగంట మాట్లాడి వెళ్లండి. ఆ జవాబు ఏ కోర్సు నోట్సు కంటే బాగా వస్తుంది.